నాలుగు రోజులు దాచిన మాట

నాకు జబ్బు చేసి ఏడు నెలలైంది. ఇప్పుడు బాగానే ఉన్నాను. బాగానే అంటే, ఉప్పు లేని చారు తాగుతూ, నీళ్ళు సీసాతో కొలుచుకుంటూ, రెండు నెలలకోసారి రక్తం ఇచ్చి కిడ్నీల సంగతి చెప్పే ఆ క్రియాటినిన్ రిపోర్టు కోసం గోళ్ళు కొరుక్కుంటూ కూర్చునేంత బాగు. చూడ్డానికొచ్చిన వాళ్ళంతా "దేవుడు కాపాడాడు ప్రసాదూ" అంటారు. నేను ప్రతి శుక్రవారం చర్చిలో ప్రార్థనకి వెళ్ళేవాణ్ణే, దేవుణ్ణి నమ్మేవాణ్ణే. అయినా ఆ మాట వింటే ఒళ్ళు మండుతుంది. కాపాడితే ఇద్దర్నీ కాపాడాలి కదండీ. ఒకణ్ణి ఒడ్డున పడేసి ఇంకొకణ్ణి వదిలేస్తే దాన్ని కాపాడ్డం అంటారా?

కోపం తగ్గాక రాద్దామనుకున్నాను. తగ్గేలా లేదు. అందుకే కోపంతోనే రాస్తున్నాను.

మాది అమలాపురం దగ్గర. పదిహేడేళ్ళుగా ఖతార్‌లో ఉన్నాను. రాస్ లఫాన్‌లో ఒక గ్యాస్ ప్లాంటులో ఫైర్ టీమ్ లీడర్ని. నా భార్య సునీత స్కూలు ఆఫీసులో పనిచేస్తుంది. ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ అనే పేటలో ఒక విల్లా మేడ మీద రెండు గదుల్లో ఉంటాం. నా ఫైర్ బండికి పంప్ ఆపరేటరు రాజేశం. జగిత్యాల దగ్గర పల్లె. కంపెనీ క్యాంపులో ఉండేవాడు. పన్నెండేళ్ళు ఒకే బండి మీద పనిచేశాం. నా యాసని వాడు వెక్కిరించడం, వాడి యాసని నేను వెక్కిరించడం, ఒకడి డబ్బాలో కూర ఇంకొకడు లాక్కోవడం. అన్నదమ్ములంటే అన్నదమ్ములమే.

గల్ఫ్‌లో యుద్ధం మొదలైన రోజు మధ్యాహ్నం అందరి ఫోన్లూ ఒకేసారి అరిచాయి. కిటికీలకి దూరంగా ఉండమని మెసేజీ. ఆకాశంలో క్షిపణుల తెల్లటి గీతలు, ఆ తర్వాత కాసేపటికి చప్పుడు. మొదటి వారంలోనే తెల్లవాళ్ళ కుటుంబాలు చాలామటుకు వెళ్ళిపోయాయి. కంపెనీ వాళ్ళు మమ్మల్ని కూర్చోబెట్టి, ఎవర్నీ బలవంతపెట్టడం లేదు, వెళ్ళేవాళ్ళు వెళ్ళొచ్చు, ఉండేవాళ్ళు సంతకం పెట్టండి అన్నారు. బలవంతం లేదన్నది నిజమే, ఒప్పుకోవాలి. అందరికంటే ముందు సంతకం పెట్టింది నేనే. లీడర్ని కదా, మరి ఆ మాత్రం పౌరుషం చూపించొద్దూ!

ఇంటికొచ్చి చెబితే సునీత కూర గరిట చేత్తో పట్టుకునే అడిగింది. "ఏవండీ, ఇది మన యుద్ధమా?"

"పదిహేడేళ్ళు ఈ దేశం తిండి తిన్నాం."

"ఊరికే పెట్టారేంటి? ఒళ్ళొంచి కష్టపడితే తిన్నాం. వాళ్ళకీ మనకీ చెల్లు."

"అలా అంటే ఎలా సునీతా? అక్కడ అంటుకుంటే ఆర్పేదెవరు?"

"అబ్బో, మీరొక్కరే ఆర్పేస్తారు!" అంది. కానీ తనూ వెళ్ళలేదు. వాళ్ళమ్మ ఫోన్లో ఏడ్చినా వెళ్ళలేదు.

ఆ వారాల్లో మా డ్యూటీ ఎలా ఉండేదో చెప్పాలి, లేకపోతే మిగతాది అర్థం కాదు. సగం మంది వెళ్ళిపోయారు కాబట్టి మూడు షిఫ్టులు రెండైపోయాయి. పన్నెండు గంటలు. స్టేషన్లో కూర్చోవడం కాదు, బండిని ప్లాంటు పక్కనే పెట్టుకుని, దాని దగ్గరే నిలబడి ఉండాలి. ఒంటి మీద మందపాటి ఫైర్ కోటు, ప్యాంటు, మోకాళ్ళ దాకా బూట్లు. ఎండలు ముదురుతున్న రోజులు. సైరన్ మోగిన నిమిషంలో బండి దగ్గర లేనివాడి పేరు పక్కన ఎర్రగీత పడుతుంది. మరుగుదొడ్డికి పోయి రావాలంటే ఆ బట్టలన్నీ విప్పి, నడిచి, మళ్ళీ తొడుక్కుని వచ్చేసరికి పావుగంట పైమాటే. మనిషికి బదులు మనిషి లేడు.

అప్పుడు నేనొక తెలివైన పని చేశాను. నా టీమ్‌కి చెప్పాను. "నీళ్ళు తక్కువ తాగండ్రా. నోరు తడుపుకోండి చాలు. ఎర్రగీత మన బండికి పడకూడదు." మూడు వారాలూ పడలేదు. మా బండి రికార్డు మచ్చ లేకుండా ఉంది. నా మొహంలా ఉంది ఆ రికార్డు!

రెండోది నొప్పి బిళ్ళలు. గల్ఫ్‌లో ఉన్నవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. సెలవు మీద ఇంటికెళ్ళిన ప్రతివాడూ పచ్చళ్ళతో పాటు బిళ్ళలు తెస్తాడు. ఇక్కడ క్లినిక్కి వెళితే లైన్లో కూర్చోవాలి, డ్యూటీ పోతుంది, ఫైల్లో రాస్తారు. అన్‌ఫిట్ అంటారేమో అని భయం. అందుకని సంచిలో స్ట్రిప్పులు. మా బావమరిదిది మెడికల్ షాపు, కాబట్టి నా సంచి అందరికంటే పెద్దది. ఒకే బిళ్ళలో రెండు మందులుండే రకం. వేసుకున్న అరగంటలో నడుము నొప్పి మాయం. నా లాకర్ తాళం చెవి రాజేశం దగ్గర కూడా ఉండేది.

"అన్నా, నడుము గుంజుతున్నదే. గోలీ ఉన్నదా?" అని వాడు అడగడం, నేను ఇవ్వడం. ఒక్కోసారి అడక్కుండానే చేతిలో పెట్టేవాణ్ణి. పొద్దునొకటి, సాయంత్రమొకటి. వాడికి షుగరుందని నాకు తెలుసు.

మూడో వారంలో నాకు అన్నం వాసన పడటం మానేసింది. నోట్లో ఇనప ముక్క పెట్టుకున్నట్టు రుచి. ఉచ్చ డికాషన్ రంగులో రావడం మొదలై, రెండు రోజులకి రావడమే తగ్గిపోయింది. కాళ్ళు వాచి బూట్లు పట్టలేదు. ఎండ దెబ్బలే అని ఇంకో బిళ్ళ వేసుకున్నాను. ఆ సాయంత్రం బండి దిగుతూ కూలబడ్డాను. నన్ను భుజాన వేసుకుని అంబులెన్సు దాకా మోసింది రాజేశమే. "ఏం గాదన్నా, ఏం గాదు. బండి నేను జూసుకుంట," అన్నాడు.

ఆసుపత్రిలో మొదటి రోజు. కిడ్నీలు పనిచేయడం లేదన్నారు. మెడ దగ్గర గొట్టం పెట్టి రక్తం కడిగారు. ఆ మిషను పక్కన పడుకుంటే ఒంట్లో వేడంతా ఎవరో తోడేస్తున్నట్టు చలి. డాక్టరమ్మ సూడాన్ ఆవిడ. నర్సు మలయాళీ, నెల్లూరులో చదువుకుందట, తెలుగు బాగానే వచ్చు. డాక్టరమ్మ అడిగించింది. "నొప్పి మందులేమైనా వాడావా?"

"లేదు," అన్నాను.

ఎందుకన్నావయ్యా అంటే, భయం. డాక్టరు చీటీ లేకుండా సంచి నిండా మందులు తెచ్చుకున్నానని తెలిస్తే పోలీసులా, వీసా రద్దా, ఏమవుతుందో తెలీదు. క్యాంపుల్లో ఇలాంటి కథలు వంద తిరుగుతాయి. రెండో రోజు మళ్ళీ అడిగింది. లేదన్నాను. మూడో రోజు నర్సు ఒక్కతే వచ్చి, మంచం అంచున కూర్చుని, "అన్నా, నాకు చెప్పు, నేనెవరికీ చెప్పను," అంది. నీళ్ళు తాగనివ్వని ఆ రోజుల్లో ఆ పిల్లే ఒక్కో ఐసు ముక్క తెచ్చి నా పెదాల మీద పెట్టేది. ఆమెకీ లేదనే చెప్పాను. తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకుని పడుకున్నాను. నేను నోరు మూసుకుంటే పోయేది నా కిడ్నీలే కదా, నా ఇష్టం, అనుకున్నాను. అంతవరకే ఆలోచించాను.

బయట వెయిటింగ్ రూమ్‌లో సునీత. డ్రైవర్లు, కూలీలు, పిల్లల్నెత్తుకున్న తల్లులు, అందరూ తలెత్తి టీవీలో యుద్ధం చూస్తూ కూర్చునేవారట. ఫోన్లు అరిచినప్పుడల్లా అందర్నీ లోపలి వరండాలోకి తోసేవారట. "మీరు లోపల చస్తున్నారో, నేను బయట చస్తున్నానో తెలీని నాలుగు రోజులు," అని ఇప్పటికీ దెప్పుతుంది. చర్చి వాళ్ళు వచ్చారు. ఒకరు బార్లీ నీళ్ళన్నారు, ఒకరు కిడ్నీలకి మంచిదని కొండపిండాకు ఊరి నుంచి తెప్పిస్తామన్నారు, ఒకాయనైతే దేశం కోసం త్యాగం అన్నాడు. ఏ దేశం కోసమని సునీత అడిగిందట.

నాలుగో రోజు మధ్యాహ్నం కార్ల్ సార్ వచ్చాడు. మా సేఫ్టీ మేనేజరు, అమెరికన్. కుటుంబాన్ని పంపించేసి తను ఉండిపోయినవాడు. మంచి మనిషి, ఆ మాట కోపంలో కూడా చెప్పాలి. పళ్ళు తెచ్చాడు. అన్నీ నేను తినకూడనివే. కుర్చీ లాక్కుని తన ముత్తాత తండ్రి కథ చెప్పాడు. ఆయన జర్మనీలో పుట్టాడట. పొట్ట చేత పట్టుకుని అమెరికా వెళ్ళాడట. ఇంగ్లీషు సరిగా రాకముందే అక్కడ అంతర్యుద్ధమొస్తే, ఆ దేశం తరఫున సైన్యంలో చేరాడట. ఒక పటాలం పటాలమంతా అలాంటి జర్మన్లేనట. హుకుములు కూడా జర్మన్‌లోనే ఇచ్చేవారట. వాళ్ళ ఊళ్ళో ఇప్పటికీ ఒక రాయి మీద వాళ్ళ పేర్లున్నాయట.

"ప్రసాద్, నువ్వూ అలాంటి వాడివే," అన్నాడు.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. నాకొచ్చిన ఇంగ్లీషులో, సగం హిందీలో అన్నాను. "సార్, మీ తాతని ఆ దేశం ఉంచుకుంది. పొలం ఇచ్చింది. ఆయన మునిమనవడి కొడుకు ఆ పాస్‌పోర్టుతోనే ఇక్కడికి వచ్చి నాకు మేనేజరయ్యాడు. నా వీసా కార్డు మీద గడువు తేదీ ఉంటుంది. ఈ కిడ్నీలు తేరుకోకపోతే ఆ తేదీ దాకా కూడా ఉండను. నాకూ మీ తాతకీ పోలికేంటి?"

ఆయన ముఖం ఎర్రబడింది. తర్వాత, "నువ్వన్నది నిజమే," అన్నాడు. తప్పించుకుందామనో, నన్ను సంతోషపెడదామనో ఇంకో మాట కలిపాడు. "నీ టీమ్ గురించి దిగులుపడకు. రాజేశం రోజుకి షిఫ్టున్నర చేస్తున్నాడు, నీ బదులు కూడా. నడుం నొప్పితో వంగిపోతున్నాడు, అయినా ఒక్క మాట అనడు."

నడుం నొప్పి. లాకర్ తాళం వాడి దగ్గర. సంచి నిండా బిళ్ళలు. రోజుకి షిఫ్టున్నర. నా హుకుం ప్రకారం నీళ్ళు తాగకుండా. నాలుగు రోజులుగా నేనిక్కడ లేదు, లేదు, లేదు అంటున్నాను. వాడక్కడ మింగుతున్నాడు.

లేచి కూర్చోబోతే మెడ దగ్గర గొట్టం లాగి రక్తమొచ్చింది. నర్సు పరిగెత్తుకొచ్చింది. "బిళ్ళలు, సార్! వాడు నొప్పి బిళ్ళలు వేసుకుంటున్నాడు, ఆపమనండి, ఇప్పుడే ఫోన్ చేయండి!" అని అరిచాను. నర్సుకి కూడా చెప్పేశాను, నేనూ అవే మింగానని. డాక్టరమ్మ వచ్చింది. తిట్టలేదు. అరబిక్‌లో ఏదో గొణిగి, "యల్లా, పద పద," అని నర్సు చేతిలో ఫైలు పెట్టి పని మొదలుపెట్టింది. తిట్టినా బావుండేది.

కార్ల్ సార్ ఫోన్ చేసిన గంటలో రాజేశాన్ని బండి దించారు. మర్నాడు పొద్దున్నే నా వార్డుకి రెండు గదుల అవతల వాడూ పడుకున్నాడు.

తర్వాత ఆరు వారాలు. నాకు పదో రోజు నుంచి ఉచ్చ రావడం మొదలైంది. సీసాలో పట్టి, నర్సు దాన్ని వెలుతురులో పెట్టి చూసి నవ్వితే, పరీక్షలో పాసైన పిల్లాడిలా ఏడ్చాను. మిషను ఆపేశారు. రాజేశానికి ఆపలేదు. షుగరు ముందే ఉంది కదా, వాడి కిడ్నీలు మళ్ళీ లేవలేదు. వీల్‌చైర్ మీద వాడి దగ్గరికి వెళితే, "నీకొచ్చిందటగదా అన్నా! మస్తు సంబురమైంది," అన్నాడు. పుండు మీద కారం చల్లినా అంత మండదు.

వాడి భార్య లక్ష్మి ఫోన్లో నన్నడిగింది. "అన్నా, దుబాయ్ల మా ఆయనకు ఏం తినిపిచ్చిన్రు? మంచిగ పోయిండు గదా?" ఖతార్ అమ్మా, దుబాయ్ కాదు అని కూడా అనలేకపోయాను. ఫోన్ సునీతకిచ్చేశాను.

కంపెనీలో విచారణ జరిగింది. ఆ బిళ్ళలు ఎక్కడివని రాజేశాన్ని అడిగారు. "నేనే ఊరి నుంచి తెచ్చుకున్న," అన్నాడు. నా వైపు చూడను కూడా చూడలేదు. నన్నడిగితే, నావి నేను వేసుకున్నానన్నాను. అబద్ధం కాదు కదా! చివరికి ఇద్దరి ఫైళ్ళలోనూ ఒకటే రాశారు, సొంత నిర్లక్ష్యం, సొంత మందులు అని. పన్నెండు గంటల నిలబాటు గురించి, విడిపించడానికి మనిషి లేకపోవడం గురించి, ఎర్రగీతల గురించి ఒక్క ముక్క లేదు. యుద్ధంలో పనిచేసినప్పుడు మేం లేకపోతే గడవదన్నారు, మంచాన పడగానే మా నిర్లక్ష్యమైపోయింది.

కార్ల్ సార్ ఆ కాగితం చూసి నన్ను పక్కకి పిలిచాడు. "డ్యూటీలో, పైన ఉన్న మనిషి ఎవరైనా ఇచ్చి ఉంటే ఇది వేరే కేసు, ప్రసాద్. అప్పుడది డ్యూటీలో వచ్చిన జబ్బు. వైద్యం బాధ్యత కంపెనీది అవుతుంది. అలాంటిదేమైనా జరిగిందా?" అని సూటిగా అడిగాడు.

"నాకు తెలీదు సార్," అన్నాను.

అవును, అన్నాను. నాలుగు రోజుల మౌనం ఏం చేసిందో కళ్ళారా చూశాక కూడా అన్నాను. నన్ను అప్పటికే ఫైర్ టీమ్‌కి అన్‌ఫిట్ అని తేల్చి, దయతలచి కంట్రోల్ రూమ్‌లో బల్ల దగ్గర ఉద్యోగం ఇచ్చారు. ఆ బల్ల పోతుందని భయం. కంపెనీని ఇన్ని తిట్లు తిట్టాను కదా, వాళ్ళు రాయని ముక్కలు వాళ్ళు రాయలేదు, నేను చెప్పాల్సిన ముక్క నేను చెప్పలేదు. ఎవరు ఎక్కువ వెధవో మీరే తేల్చండి.

రాజేశం ఊరెళ్ళిపోయాడు. వారానికి మూడుసార్లు కరీంనగర్ వెళ్ళి మిషను ఎక్కుతాడు. పొద్దున బస్సెక్కితే సాయంత్రానికి ఇల్లు చేరతాడు. మిగతా రోజులు ఆ అలసట తీరడానికే సరిపోతాయి.

పోయిన నెల కంపెనీ సభ పెట్టింది. యుద్ధం రోజుల్లో పనిచేసిన వాళ్ళకి ప్రశంసా పత్రాలు. నా పేరు పిలిచారు. చప్పట్లు కొట్టారు. రాజేశం పేరు పిలవలేదు. ఎందుకని అడిగితే, ఇప్పుడు ఉద్యోగంలో ఉన్నవాళ్ళకే అన్నారు. ఆ పత్రం ఇంటికి తెస్తే సునీత చదివి, మడిచి, నా ఒళ్ళో పెట్టింది. "మీరు ఎవరికి చెప్పాల్సింది వాళ్ళకి చెప్పేదాకా ఇది గోడకెక్కదు," అంది. తనకి అంతా తెలుసు. ఆసుపత్రిలో ఒకరోజు తనకి చెప్పుకుని ఏడ్చాను. అప్పట్నుంచీ ఎదురుచూస్తోంది, నేను మనిషినవుతానేమోనని.

నిన్న రాజేశానికి ఫోన్ చేశాను. మిషను మీదే ఉన్నాడు. గొంతు నీరసంగా ఉంది, వెటకారం మాత్రం తగ్గలేదు.

"మీటింగుల నా పేరు పిలిచిన్రా అన్నా?"

పిలిచారని చెబితే ఒక పూట సంతోషపడేవాడు. నోటిదాకా వచ్చింది. మింగేశాను.

"పిలవలేదురా."

"థూ," అన్నాడు. "ఇంకేం సంగతి? నువ్వు ఊకె ఫోన్ జెయ్యవు."

"మనకి జరిగింది రాద్దామనుకుంటున్నాను రాజేశం. నలుగురు చదువుతారు. బిళ్ళలు మింగొద్దని, డాక్టరుకి దాచొద్దని. నీ పేరు రాయొచ్చా?"

"రాయి. నా పేరు రాయి, ఊరు గూడ రాయి." ఊపిరి తీసుకున్నాడు. "గోలీలు ఎవరిచ్చిన్రో గూడ రాయి అన్నా. నీకు ఆడ పెండ్లాం ఉన్నది, కొలువున్నది, పోతయని నేను అబద్ధమాడిన. నువ్వు ఒక్కనాడన్న చెప్తవనుకున్న. ఏడు నెలలు జూసిన. ఇగ నాతోని గాదు."

వాడే ఫోన్ పెట్టేశాడు.

అందుకే ఇది రెండు కాపీలు రాశాను. ఒకటి మీకు. రెండోది, ఇంగ్లీషులో సునీత దిద్దిపెట్టింది, ఆదివారం పొద్దున ఆఫీసు తెరవగానే కార్ల్ సార్ టేబుల్ మీద పెడతాను. దాంట్లో ఇంత కథ లేదు, ఉన్నదింతే. రాజేశానికి నొప్పి బిళ్ళలు డ్యూటీలో, బండి దగ్గర, రోజుకి రెండు, మూడు వారాలు ఇచ్చింది అతని టీమ్ లీడర్నైన నేను. నీళ్ళు తాగొద్దని చెప్పింది కూడా నేనే. కింద నా సంతకం ఉంది.